డెస్కు వదిలి మూడున్నరేళ్ళు: హైదరాబాద్‌లో ఫ్రీలాన్స్ రాతతో ఇల్లు నడిపిన నా అనుభవం

2022 మార్చి 31 అర్ధరాత్రి దాటాక నా ఆఖరి పేజీ ప్రింటుకి వెళ్ళింది. ఒక దినపత్రిక డెస్కులో ఏడేళ్ళు సబ్ ఎడిటర్‌గా, అంటే వార్తలు దిద్ది పేజీలు పెట్టే పని, చేశాను. చేతికి వచ్చే జీతం 27,500. ఆ రాత్రి మా చీఫ్ సబ్ ఎడిటర్ గారు క్యాంటీన్లో టీ తాగించి, "బయట రాతకి డబ్బులు ఇవ్వరమ్మా. ఇచ్చినా చెప్పిన రోజుకి ఇవ్వరు. ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నావా?" అని అడిగారు. పెట్టుకున్నానన్నాను. నిజానికి నా దగ్గరున్నది నాలుగు నెలలకి సరిపడేంతే.

ఉద్యోగం మానడానికి కారణం మా పాప. అప్పటికి దానికి నాలుగేళ్ళు. నేను రాత్రి రెండింటికి ఆఫీసు క్యాబ్ దిగేసరికి అది నిద్రలో ఉండేది. అది బడికి వెళ్ళేటప్పుడు నేను నిద్రలో ఉండేదాన్ని. మా అమ్మ మాతోనే ఉంటుంది కాబట్టి పిల్లకి లోటు లేదు. లోటంతా నాకే. మావారు ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. "ఇంటద్దె నా జీతంలోంచి వెళ్ళిపోతుంది, మిగతాది నువ్వు చూసుకోగలిగితే మానెయ్" అన్నారు. విద్యానగర్‌లో మా రెండు గదుల పోర్షన్‌కి అద్దె అప్పట్లో 11,500.

ఆ తర్వాత ఏం జరిగిందో తేదీలతో, రూపాయలతో సహా రాస్తున్నాను. నేను మానేసే ముందు ఇలాంటిది ఒక్కటి చదివి ఉంటే కనీసం 40 వేలు, ఎన్నో రాత్రుల నిద్ర మిగిలేవి.

మొదటి ఖర్చు లాప్‌టాప్. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో మూడు షాపులు తిరిగి 26,000కి సెకండ్ హ్యాండ్‌ది తీసుకున్నాను. రెండోది కుర్చీ, 4,200. ఇంట్లో టీవీ, పాప, పక్కింటి డ్రిల్లింగ్ మెషిన్ మధ్య పని సాగదని మొదటి వారంలోనే తేలిపోయింది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ ఏప్రిల్‌లోనే 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ పడింది. పొద్దున ఎనిమిదికి వెళ్ళినా కుర్చీ దొరికేది కాదు. చెట్ల కింద, మెట్ల మీద, ఎక్కడ చూసినా పుస్తకాలు ముందేసుకున్న పిల్లలే. నేను కూడా ఏదో పోటీ పరీక్షకి చదువుతున్నాననుకుని "అక్కా, గ్రూప్-1 ఆ, గ్రూప్-2 ఆ?" అని అడిగేవాళ్ళు. "రాస్తున్నా" అంటే "అదే అక్కా, ఏ పరీక్ష?" అనేవాళ్ళు.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక అనువాదాల ఏజెన్సీ పని ఇచ్చింది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి, మాటకి 60 పైసలు. బ్యాంకు ఫారాలు, టీకాల కరపత్రాలు, ఒక పురుగుమందు డబ్బా మీది సూచనలు. ఏప్రిల్ మొత్తం కూర్చుని పది ఫైళ్ళు పూర్తిచేశాను. ఇంగ్లీషు మాటలు 18,400. అరవై పైసల చొప్పున 11,040 వస్తుందని డైరీలో రాసుకున్నాను. ఏప్రిల్ 30న బిల్లు పంపితే తిరిగి మెయిల్ వచ్చింది: మీ లెక్క తప్పు, తెలుగు ఫైళ్ళలో ఉన్నవి 12,900 మాటలే, కాబట్టి 7,740.

తప్పు వాళ్ళది కాదు. దేన్ని లెక్కపెడతారో నేను అడగలేదు. తెలుగులో ప్రత్యయాలన్నీ మాటకే అతుక్కుంటాయి. 'చెప్పాల్సివస్తుందేమోనని' అన్నది మనకి ఒక్క మాట. అదే ఇంగ్లీషులో ఆరేడు మాటలు. ఇంగ్లీషులో వెయ్యి మాటలున్న పేజీ నా చేతిలో తెలుగైతే ఏడు వందల దగ్గర ఆగుతుంది. శ్రమ మాత్రం ఏమీ తగ్గదు, నిజానికి ఎక్కువే. కాబట్టి అనువాదం ఒప్పుకునేటప్పుడు రేటు ఎంత అని అడిగే ముందు మూలం మాటలు లెక్కపెడతారా, తెలుగు మాటలా అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న నాకు మొదటి నెలలోనే 3,300 రూపాయల విలువ చేసింది. మే నుంచి మూలం లెక్క మీదే చేస్తానని చెప్పాను. చెప్పే ముందు రెండు రోజులు భయపడ్డాను. వాళ్ళు ఒక్క లైనులో సరేనన్నారు.

ఆ 7,740 నా ఖాతాలో పడింది జూలై 14న. బిల్లు పంపిన 75వ రోజు.

ఈలోగా మా ఇల్లు నడిచింది దాచుకున్న డబ్బుతో, ఆ తర్వాత పీఎఫ్‌తో. ఉద్యోగం మానిన రెండు నెలల తర్వాత పీఎఫ్ మొత్తం తీసుకోవచ్చన్నది అప్పటి నిబంధన కదా అని జూన్ 3న ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టబోతే, నా ఉద్యోగం ముగిసిన తేదీ అందులో లేదు. కంపెనీ నమోదు చెయ్యాల్సినది చెయ్యలేదు. హెచ్ఆర్‌కి నాలుగు ఫోన్లు చేశాను. చివరికి, చందా ఆగిన రెండు నెలల తర్వాత ఆ తేదీని మనమే ఆ పోర్టల్లో వేసుకోవచ్చని లైబ్రరీలో ఒక కుర్రాడు చెప్పాడు. వాళ్ళన్నయ్యకి ఇదే జరిగిందట. ఐదు నిమిషాల పని. జూన్ 21న 1,18,000 వచ్చింది. ఆ రోజు సాయంత్రం అమ్మకి చెబుతూ ఏడ్చేశాను. "ఇది జీతం కాదే, అయిపోయే డబ్బు" అంది అమ్మ. నాకు ఏడుపు వచ్చిందీ అందుకే.

రాతతో నా చేతికి మొదట వచ్చిన డబ్బు ఆ కుర్రాళ్ళ వల్లే వచ్చింది. ఒకరోజు ఇద్దరు తెలంగాణ ఉద్యమ చరిత్ర మెటీరియల్ చదువుతూ ఒక పేరా నా ముందు పెట్టి, "అక్కా, తెలుగు గిట్లుంటే మాకెట్ల అర్థమైతది?" అన్నారు. ఇంగ్లీషు నుంచి మాటకి మాట దించిన పేరా అది. నేను పెన్సిల్‌తో అక్కడికక్కడే తిరగరాసి ఇచ్చాను. వారం తర్వాత ఆ పుస్తకం వేసిన అశోక్‌నగర్ పబ్లిషర్ దగ్గరికి నన్ను వాళ్ళే తీసుకెళ్ళారు. ఆయన పేరా చదివి, "పేజీకి 35 ఇస్త మేడమ్, 212 పేజీలున్నయి, ఇరవై దినాలల్ల గావాలె" అన్నారు.

ఆ 212 పేజీలూ అను అనే పాత తెలుగు ఫాంట్‌లో, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఫోన్లలో, వెబ్‌సైట్లలో కనబడే యూనికోడ్ తెలుగు. బయట చాలా ప్రింటింగ్ ప్రెస్సులు ఇప్పటికీ అను అడుగుతాయి, వెబ్‌సైట్లు యూనికోడ్ అడుగుతాయి. పత్రికలో ఉన్నన్నాళ్ళూ ఈ బాధ నాకు తెలియలేదు, అక్కడ అన్నీ సిస్టమ్స్ వాళ్ళు చూసుకునేవాళ్ళు. కన్వర్టర్‌లో వేస్తే అక్షరాలు మారాయిగానీ ఒత్తులు చెదిరిపోయాయి. అది తెలంగాణ మీద రాసిన పుస్తకం కాబట్టి 'రాష్ట్రం' అన్న మాట లైనుకొకసారి వస్తుంది. ష కింద ట, ట కింద ర. ఆ మూడు ఒకదాని కింద ఒకటి నిలబడాల్సినచోట ఒకచోట ర ముందుకు దూకింది, ఒకచోట ట మాయమైంది, ఇంకోచోట సున్నా తెగిపోయి పక్క లైన్లో పడింది. ఒకే రకంగా విరిగితే వెతికి ఒకేసారి మార్చేయొచ్చు. మూడు నాలుగు రకాలుగా విరిగింది. ఆరు వందలకి పైగా 'రాష్ట్రం'లు చేత్తో సరిచేశాను. నేను రాతకోసం బయటికి వచ్చి ఒత్తులు కుట్టుకుంటూ కూర్చున్నానేమిటి అని ఒక రాత్రి చాలా దిగులేసింది. కానీ జూలై 2న ఆ పుస్తకం ఇచ్చినప్పుడు పబ్లిషర్ గారు రెండు పేజీలు తిరగేసి, లెక్క ప్రకారం 7,420 అయితే 7,500 తీసి చేతిలో పెట్టారు. నోట్లు. ఏజెన్సీ డబ్బు కంటే పన్నెండు రోజుల ముందు. నేను చిక్కడపల్లి నుంచి విద్యానగర్ దాకా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాను, బస్సెక్కాలనిపించలేదు.

అప్పటినుంచి కొటేషన్‌లో ఫాంట్ మార్పిడికి పేజీకి 8 రూపాయలు విడిగా వేస్తున్నాను. ఎవరూ కాదనలేదు.

2022 సెప్టెంబర్‌లో మాదాపూర్‌లోని ఒక డిజిటల్ కంపెనీ యూట్యూబ్ స్క్రిప్టులు అడిగింది. ఒక్కోటి 1,200. ఆ నెల 22 రాశాను, 26,400 వెంటనే ఇచ్చారు. నా పాత జీతానికి దగ్గర దగ్గర. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో నెలకి 19 చొప్పున 57 స్క్రిప్టులు. డబ్బు రాలేదు. "అకౌంట్స్‌లో ఉంది" అన్నారు, "ఆడిటింగ్ జరుగుతోంది" అన్నారు, "పండగ తర్వాత" అన్నారు. జనవరిలో సంక్రాంతి అయ్యాక రాయదుర్గం దాకా మెట్రోలో, అక్కణ్ణించి ఆటోలో వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. రిసెప్షన్‌లో మూడు గంటలు కూర్చోబెట్టి, నాతో మాట్లాడిన మేనేజర్ మానేశారని చెప్పారు. నాకు రావలసింది 68,400.

ఆ మూడు నెలలూ నేను ఎందుకు ఆపకుండా రాశానో తర్వాత చాలా ఆలోచించాను. ఆపితే పాత డబ్బు కూడా పోతుందన్న భయం. ప్రతి కొత్త స్క్రిప్టూ పాత బాకీ కోసం కడుతున్న వడ్డీలా అయింది. మావారికి చెప్పలేదు. నవంబర్‌లో స్కూల్ ఫీజుకి నా గొలుసు తాకట్టు పెట్టాను, 30,000కి. ఆయనకి తెలిసిన రోజు కోప్పడతారనుకున్నాను. "నాకు ముందే చెప్పుంటే ఇద్దరం వెళ్ళి అడిగేవాళ్ళం కదా" అన్నారంతే. అది నాకు తిట్టుకంటే ఎక్కువ తగిలింది.

ఆ గొడవలోనే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ గురించి తెలిసింది. ఒక్కరే ఇంట్లో కూర్చుని రాసుకునేవాళ్ళు కూడా సూక్ష్మ సంస్థగా నమోదు చేసుకోవచ్చు. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం వచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, అలా నమోదైనవారికి రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. ఇవ్వకపోతే ప్రభుత్వానికి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. ఇది చదివి నాకు ప్రాణం లేచొచ్చింది. వెతగ్గానే మొదట వచ్చిన సైటులో వివరాలన్నీ నింపాక 1,499 కట్టమంది. అనుమానమొచ్చి ఆగాను. ప్రభుత్వ పోర్టల్లో పైసా ఖర్చు లేదు. ఆధార్, పాన్, ఫోన్‌కి వచ్చే ఓటీపీ చాలు. 2023 జనవరి 24 మధ్యాహ్నం అరగంటలో సర్టిఫికెట్ వచ్చింది. ప్రింటు తీసి దేవుడి పటం పక్కన పెట్టింది అమ్మ.

కానీ నమోదుకి ముందు చేసిన పనికి ఈ దారి పనికిరాదని మా కాలనీ సీఏ గారు చెప్పారు. నా 57 స్క్రిప్టులూ డిసెంబర్‌తో అయిపోయాయి. ఇరవై నాలుగు రోజుల తేడా. పని మొదలుపెట్టక ముందే ఉద్యమ్ చేసుకోవాలని ఇంత గట్టిగా చెప్పేది అందుకే. మార్చి 6న రిజిస్టర్డ్ పోస్టులో ఆ కంపెనీకి ఉత్తరం పంపాను. స్క్రిప్టుల జాబితా, వాళ్ళు 'అప్రూవ్డ్' అని పెట్టిన వాట్సాప్ మెసేజీల ప్రింట్లు జతచేశాను. మే 11న 30,000 వేశారు. మిగిలిన 38,400 నేటికీ రాలేదు. ఆ 30 వేలతో గొలుసు విడిపించుకుందామనుకున్నాను. అదే వారం అమ్మ కంటికి శుక్లం ఆపరేషన్ పడింది, 32,000. ఆఫీసు మెడిక్లెయిమ్ ఉద్యోగంతోపాటే పోయింది. ఆ తర్వాత మేం సొంతంగా తీసుకున్న పాలసీలో శుక్లానికి రెండేళ్ళు ఆగాలని ఉంది. ఉద్యోగం మానేవాళ్ళు చివరి జీతం కంటే ముందు ఆలోచించుకోవాల్సింది ఇది.

2023 మార్చిలో ఇంకో దెబ్బ. గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకైందని పరీక్ష రద్దయింది. లైబ్రరీలో ఆ రోజు ఎవరూ చదవలేదు. నన్ను పబ్లిషర్ దగ్గరికి తీసుకెళ్ళిన ఇద్దరిలో ఒకడు ప్రిలిమ్స్ పాసై మెయిన్స్‌కి చదువుతున్నాడు. "మల్ల మొదటికెల్లి అక్కా" అన్నాడు, అంతే. నాకు మెటీరియల్ పని రెండు నెలలు ఆగిపోయింది. వాడికి పోయిన దానితో పోలిస్తే నాది ఏపాటిది.

మొదటి ఏడాది, అంటే 2022 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా, నాకు వచ్చింది 2,11,400. ఏజెన్సీ నుంచి 94,000, పబ్లిషర్ నుంచి 41,000, ఆ డిజిటల్ కంపెనీ నుంచి 26,400, మిగిలిన 50 వేలు శుభలేఖలు, బ్రోచర్లు, ఒక చీరల షాపు వెబ్‌సైటు, ఇలాంటివి. ఉద్యోగంలో ఉంటే 3,30,000 వచ్చేది. ఆ లెక్క చూసుకున్న రాత్రి తిరిగి డెస్కుకి వెళ్ళిపోదామని చీఫ్ సబ్ గారికి మెసేజ్ టైప్ చేసి, పంపకుండా నిద్రపోయాను. పొద్దున పాప జడ వేయించుకుంటూ "అమ్మా, నువ్వు ఇవాళ కూడా నన్ను దింపుతావా?" అంది. మెసేజ్ తీసేశాను.

పన్ను సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి నాకెవరూ చెప్పలేదు. అప్పట్లో ఒక కంపెనీ మనకిచ్చేది ఏడాదిలో 30,000 దాటితే వృత్తి ఫీజు కింద ఆదాయపు పన్ను చట్టం 194జె సెక్షన్ ప్రకారం 10 శాతం కోసి మిగతాది ఇచ్చేవారు (2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50,000 అయింది). కోసింది మన పేరు మీద ప్రభుత్వానికి కట్టాలి. ఏజెన్సీ నా దగ్గర 9,400 కోసింది. 2023 జూలై 8న, మన పేరు మీద కట్టిన పన్ను చూపించే ఫామ్ 26ఏఎస్ తెరిచి చూస్తే అందులో 5,150 మాత్రమే ఉంది. ఫోన్ చేస్తే, చివరి మూడు నెలల రిటర్ను ఇంకా వెయ్యలేదన్నారు. దానికి గడువు మే 31. అది వెయ్యకపోతే నా డబ్బు నాది కాదు. రోజు మార్చి రోజు ఫోన్ చేశాను. జూలై 24న మొత్తం కనబడింది, 27న నా ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) వేశాను, ఆగస్టు 19న 9,400 వెనక్కి వచ్చాయి. అప్పటినుంచి ప్రతి మూడు నెలలకీ 26ఏఎస్ చూడడం, గ్యాస్ బుక్ చేసినట్టు, ఒక అలవాటైపోయింది.

రాబడిలో సగాన్ని లాభంగా చూపించి పన్ను కట్టే 44ఏడీఏ సెక్షన్ మాకు వర్తిస్తుందా అంటే ఇద్దరు సీఏలు రెండు మాటలు చెప్పారు. ఆ సెక్షన్ కింద కొన్ని వృత్తులే వస్తాయి. సినిమాకి కథ, మాటలు, పాటలు రాసేవాళ్ళు ఫిల్మ్ ఆర్టిస్టుల నిర్వచనంలో ఉన్నారు. అనువాదకులు, కంటెంట్ రాసేవాళ్ళు పేరు పెట్టి లేరు. నేను ఖర్చుల పుస్తకం రాసి, రశీదులు దాచి ఐటీఆర్-3 వేస్తున్నాను. కొంచెం ఎక్కువ పనే అయినా రాత్రి నిద్ర పడుతుంది.

నా పరిస్థితి మారింది 2023 డిసెంబర్‌లో, డబ్బింగ్‌తో. పాత డెస్కు స్నేహితురాలు ఒకామె, ఓటీటీలో వచ్చే కొరియన్ సిరీస్‌కి తెలుగు మాటలు రాసేవాళ్ళు కావాలంటున్నారని చెప్పింది. పదహారు ఎపిసోడ్లు, ఒక్కోదానికి 7,000. మొదటి ఎపిసోడ్ తొమ్మిది రోజులు పట్టింది. బాగా రాశాననే అనుకున్నాను. యూసుఫ్‌గూడలో ఒక చిన్న స్టూడియోలో రికార్డింగ్‌కి నన్నూ రమ్మన్నారు. గాజు అద్దానికి అవతల అరవై ఏళ్ళావిడ, ముప్పై ఏళ్ళుగా గొంతు ఇస్తున్నారు. నా లైను చదివారు: "నేను వెళ్ళిపోతున్నాను." తెర మీద ఆ అమ్మాయి పెదాలు చివర్లో టక్కున మూసుకున్నాయి. ఆవిడ హెడ్‌ఫోన్స్ తీసి, "అమ్మా, పిల్ల పెదాలు కలిసినయి, నీ మాటలో కలవలేదు చూడు" అన్నారు. ప, ఫ, బ, భ, మ. నోరు మూతపడితేగానీ పలకని అక్షరాలు. ఆ అమ్మాయి నోరు మూసుకున్నచోట ఇవి పడాలి, తెరుచుకున్నచోట పడకూడదు. సెకనున్నర వ్యవధి. బయట అందరూ నాకోసం ఆగారు. స్టూడియో అద్దె గంటల్లెక్కన నడుస్తోంది. నాకు చెమటలు పట్టాయి. ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోతోందా అని ఆలోచించాను. చెప్పి చెప్పి విసిగిపోయి వెళుతోంది. "ఇక నీ ఇష్టం" అన్నాను. ఆవిడ ఒక్కసారి చదివారు. చివరి సున్నా దగ్గర పెదాలు రెండు చోట్లా ఒకేసారి మూసుకున్నాయి.

తెలుగులో సున్నాతో ముగిసే మాటలు ఎన్ని ఉన్నాయో ఆ రోజు ఇంటికి వచ్చే దారంతా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. ప్రాణం, దూరం, నిజం, పాపం, చూద్దాం. ఏడేళ్ళు డెస్కులో, ఏడాదిన్నర బయట రాసినా నా భాషని నోటితో ఎప్పుడూ చూడలేదు. కొరియన్‌లో కూడా మనలాగే క్రియ వాక్యం చివర్లో వస్తుంది కాబట్టి, అసలు మాట పడాల్సిన చోటే పడుతుంది. ఇంగ్లీషు సినిమాలకి రాసేటప్పుడు ఈ సుఖం లేదు. పదహారో ఎపిసోడ్‌కి వచ్చేసరికి రెండు రోజుల్లో రాసేదాన్ని. 2024 ఫిబ్రవరి చివరికి 1,12,000 సంపాదించాను. అందులో 10 శాతం కోసుకుని, 38వ రోజున మిగతాది మొత్తం వేశారు. మర్నాడే గొలుసు విడిపించుకున్నాను.

ఆ రోజుల్లోనే ఇంకో వింత జరిగింది. ఎప్పుడూ నేనే వెంటపడే కంపెనీల అకౌంట్స్ వాళ్ళు ఫిబ్రవరి, మార్చిలలో వాళ్ళంతట వాళ్ళే మెయిల్ చేసి నా ఉద్యమ్ సర్టిఫికెట్ అడగడం మొదలుపెట్టారు. ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని కొత్తగా వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువులోగా డబ్బు ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆ ఖర్చుని కంపెనీ తన లెక్కలో తగ్గించుకోలేదు. ఆ మార్చి 31లోగా పాత బిల్లులు మూడు, మొత్తం 41,700, ఒక్క ఫోన్ కూడా చెయ్యకుండా వచ్చిపడ్డాయి. అప్పటినుంచి ప్రతి ఇన్వాయిస్ కింద ఉద్యమ్ నంబరు, '45 రోజులు' అన్న మాట ముద్రించి పంపుతున్నాను. నన్ను చూసి ఇచ్చినా, ఆ నంబరు చూసి ఇచ్చినా నాకు ఒకటే.

2024 జూలైలో అనువాదాల ఏజెన్సీ ఫోన్ చేసింది. అప్పటికి నా రేటు 1.20కి వెళ్ళింది. ఇకపై మిషన్ అనువదించి పంపుతుంది, మీరు దిద్దితే చాలు, మాటకి 45 పైసలు అన్నారు. ఒక ఫైలు దిద్ది చూశాను. ఆసుపత్రిలో రోగికి ఇచ్చే కాగితం. మొదటి లైనులో 'మీరు', మూడో లైనులో 'నువ్వు', కింద డాక్టరమ్మ గారు 'అతను' అయ్యారు. దిద్దడానికి మొదటినుంచి రాసినంత సేపూ పట్టింది. ఇది నాకు కోపం తెప్పించింది, భయం కూడా వేసింది. రెండేళ్ళుగా నా ఇంటి బియ్యం ఆ ఏజెన్సీవే. మాటకి కాకుండా గంటకి 400 అయితే దిద్దుతానని చెప్పాను. మొదట కుదరదన్నారు. నెలన్నర తర్వాత వైద్యానికి సంబంధించిన ఫైళ్ళకి మాత్రం ఒప్పుకున్నారు. నెలకి పది పన్నెండు గంటలు అదే చేస్తున్నాను. మిగతా అనువాదం నా చేతిలోంచి పోయింది. తిరిగొస్తుందని నేను అనుకోవడం లేదు.

రెండో ఏడాది నాకు 4,06,000, మూడో ఏడాది 7,18,000 వచ్చింది. ఇప్పుడు డబ్బింగ్ సగం, పబ్లిషర్ పని పావు, మిగతావి చిన్నా చితకా. నెలకి ఒకసారైనా ఏదో ఒకటి ఆగుతుంది. రెండు నెలల ఖర్చు ఎప్పుడూ విడి ఖాతాలో ఉంచుతున్నాను, పాప పేరు మీద. దాన్ని ముట్టుకోవాలంటే మనసు రాదని అలా పెట్టాను.

ఇప్పటికీ మారనిది అద్దె ఇల్లు వెతకడం. మొన్న దసరాకి నల్లకుంటలో మూడు గదుల ఇల్లు చూడ్డానికి వెళితే ఇంటావిడ మావారి ఉద్యోగం అడిగి, నన్ను "మీరు ఇంట్లోనే ఉంటారా?" అన్నారు. రాస్తానని చెప్పాను. "ఓ, టైమ్‌పాస్‌కా" అన్నారు. మూడేళ్ళ ఐటీఆర్‌లు నా ఫోన్‌లో ఉన్నాయి, చూపించాలనిపించింది. చూపించలేదు. అడ్వాన్సు మాత్రం నా ఖాతాలోంచి, నా ఫోన్ నుంచే కట్టాను. కార్తీకంలో ఇల్లు మారాం. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది నాది. లైబ్రరీకి వెళ్ళాల్సిన అవసరం లేకపోయినా శనివారాలు వెళుతూనే ఉన్నాను.

ఈ రోజు 2025 నవంబర్ 22. నాకు బయటినుంచి రావలసింది 1,36,500. ఏడు బిల్లులు. అందులో 45 రోజులు దాటింది ఒక్కటే, ఒక ఆడియో కథల కంపెనీది, 18,000. నిన్న శుక్రవారం ఫోన్ చేస్తే ఎత్తలేదు. సోమవారం పదకొండింటికి, వాళ్ళ అకౌంట్స్ ఆవిడ టీ తాగి కూర్చునే వేళకి, మళ్ళీ చేస్తాను.